కళ్ళు లేని జింకలు

కోటగోడ నీడన మేకలు కాసే సుంకమ్మ, కునుకులో కనబడ్డ రెక్కల జింకల్ని ఎర్రమన్నుతో ఆ గోడ మీదే గీసేది. కళ్ళు మాత్రం పెట్టేది కాదు, మేలుకుని ఎగిరిపోతాయేమోనని.

"గురువు లేడు, శాస్త్రం లేదు, కళ్ళు దిద్దడమైనా రాదు. సున్నం కొట్టించండి ప్రభూ" అన్నాడు ఆస్థాన శిల్పి విరూపాచారి. రాజు తలూపాడు.

"అట్లాగే కానీండి దొరా. ఆ కళ్ళేవో ఆచారిగారి చేత్తో ఒక్కసారి దిద్దిస్తే చూసి తరిస్తాను" అంది సుంకమ్మ.

ఆచారి పొంగిపోయాడు. గుళ్ళో విగ్రహానికి చేసినట్టే మంత్రం చదివి మరీ జింకలకు కళ్ళు తెరిపించాడు.

సున్నం కుండలు వచ్చాయి.

"మంత్రంతో కళ్ళు తెరిపిస్తే బొమ్మకు ప్రాణమొస్తుందని మీరే గదా సామీ అనేది. ఇప్పుడు చంపమంటారా?" అంది సుంకమ్మ మెల్లగా.

రాజు నవ్వి సున్నం వెనక్కి పంపాడు.

జింకలు ఎగిరిపోలేదు. మేకల్ని తోలుకుపోతున్న సుంకమ్మనే చూస్తూ ఉండిపోయాయి.