హైమావతి పెట్టిన చోటు

ఎవరైనా ప్రశ్న అడిగితే కామేశం మాస్టారు వెంటనే జవాబు చెప్పిన పాపాన పోయేవారు కాదు. చొక్కా చేతిని మోచేతి పైదాకా మడుచుకుని, అక్వేరియంలో చెయ్యి పెట్టి, ఏదో ఒక రాయిని అటూ ఇటూ సర్దుతూ ఉండిపోయేవారు. అడిగినవాడు తన ప్రశ్న తానే మరచిపోయి, ఆ చెయ్యి ఏం చేస్తుందా అని చూస్తూ నిలబడేవాడు. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబు నడిపి రిటైరైన మనిషి. పెదవాల్తేరులోని ఇంటి వరండాలో ఉప్పునీళ్ళ ట్యాంకు ఒకటి పెట్టుకున్నారు. ఇళ్ళలో పగడాలు పెంచే పిచ్చి ఉన్నవాళ్ళు ఊళ్ళో ఓ అయిదారుగురుంటే, వాళ్ళంతా ఆదివారం పొద్దున్నే అక్కడ చేరేవారు.

అలాంటి ఒక ఆదివారం పేర్రాజు లేచి అడిగాడు.

"మాస్టారూ, పోయినవాళ్ళు పెట్టిన వస్తువుని పెట్టిన చోటే ఉంచాలనుకోవడం తప్పంటారా?"

అందరూ తలలు తిప్పి చూశారు. ఉప్పు ఎంత ఉండాలి, లైటు ఎన్ని గంటలు వెయ్యాలి అన్నవి తప్ప ఇలాంటి ప్రశ్న ఆ వరండా ఎన్నడూ వినలేదు. మాస్టారు మాత్రం యథాప్రకారం చొక్కా చెయ్యి మడిచి నీళ్ళలో పెట్టారు. చివరికి పేర్రాజే కూర్చున్నాడు.

నిజానికి పేర్రాజు శిష్యుడవుదామని ఆ వరండా ఎక్కినవాడు కాదు. శిష్యురాలు ఆయన భార్య హైమావతి. ఆ రోజుల్లో ఆమెని స్కూటరు మీద తీసుకొచ్చి దింపి, గేటు బయట నిలబడి పేపరు చదువుకునేవాడు. "లోపలికి రాకూడదా, నీళ్ళేమైనా కరుస్తాయా?" అని హైమ ఎకసెక్కమాడేది. "చేపలైనా లేని అక్వేరియం చూడ్డానికి నేనెందుకే" అనేవాడు. హైమ పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆమె కూర్చునే కుర్చీలో తాను కూర్చుంటున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానని తనమీద తనకే కోపం.

ఆమె ట్యాంకులో ఆమెకి ప్రాణమైనది ఒక పుట్టగొడుగు పగడం. పేరుకి పగడమే గానీ రాయిలా గట్టిగా ఉండదు. మెత్తగా, తడిగా, విప్పిన గొడుగులా రాతికి అంటుకుని ఉంటుంది. ముదురెరుపు మీద నీలం చుక్కలు. చొక్కా బొత్తామంత ఉన్నప్పుడు తెచ్చి, ఎడమనుంచి రెండో రాయి మీద తన చేత్తో పెట్టుకుంది. అది అరచెయ్యంత అయింది. రోజూ పొద్దున్న కాఫీ గ్లాసుతో దాని ముందు కూర్చుని, "ఇలాంటి రంగులో పట్టుచీర ఎక్కడైనా దొరుకుతుందంటారా?" అని అడిగేది. పేర్రాజు పేపరు లోంచి తల ఎత్తకుండానే ఊఁ కొట్టేవాడు. ఆస్పత్రిలో ఉండగా ఆమె తెలివిలో చెప్పిన ఆఖరి మాట కూడా ఆ ట్యాంకు గురించే. "నీళ్ళు తగ్గితే మంచినీళ్ళే పొయ్యండి, ఉప్పునీళ్ళు కాదు. ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది." ఆనాటినుంచి ఒక్క పూట తప్పకుండా, గాజు మీద ఆమె గీసిన గీత దాకా ఆయన మంచినీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. పేర్రాజు పోర్టులో రేవు లోతుల పటాలు గీసి రిటైరైనవాడు. వెంట్రుకవాసి తేడా వస్తే నిద్రపట్టని రకం. హైమ పోయిన నెలలోనే ట్యాంకుకి కూడా ఒక పటం గీశాడు. ఏ రాయి ఎక్కడ, ఏ పగడం ఏ మూలకి ఎన్ని అంగుళాల దూరంలో, అంతా అందులో ఉంది. ఆమె ఎలా ఉంచిందో అలాగే ఉండాలి, అంతే.

మూడు నెలల కిందట పాత లైటు పోయింది. హైమ వస్తువుకి లోటు చెయ్యకూడదని రెట్టింపు వెలుగిచ్చే లైటు తెచ్చి బిగించాడు. అప్పటినుంచి ఆ పగడం వారానికి వేలెడంత చొప్పున జరిగి జరిగి వెనక రాతి నీడలోకి పోవడం మొదలుపెట్టింది. పేర్రాజు దాన్ని ఒలిచి తెచ్చి, చోటు శుభ్రంగా తోమి, పటం చూసుకుని మళ్ళీ అక్కడే పెట్టేవాడు. అది మళ్ళీ కదిలేది. జిగురుతో అంటించి చూశాడు. ఒంటి నిండా జారుడు బంక ఉన్న ప్రాణి, జిగురుకి లొంగుతుందా? ఆఖరికి దోమతెర ముక్క కప్పి, దారంతో రాతికి కట్టేశాడు. ఇప్పుడది ముడుచుకుపోయి మళ్ళీ బొత్తామంత అయింది. ఆమె చేత్తో పెట్టినవాటిలో ప్రాణంతో మిగిలింది అదొక్కటే. అదీ పోతే హైమ రెండోసారి పోయినట్టేనని పేర్రాజుకి భయం. ఆదివారంనాడు అడిగిన ప్రశ్న ఆ భయంలోంచి వచ్చిందే.

మర్నాడు పొద్దున్న గుమ్మం ముందు ఆటో ఆగింది. మాస్టారు చేతిసంచితో దిగారు. హైమ పోయాక ఆయన ఆ గడప తొక్కడం అదే మొదలు. కాఫీ వద్దన్నారు. ట్యాంకు ముందు కుర్చీ వేయించుకుని చాలాసేపు చూశారు.

"దాని ఇష్టానికి వదిలేస్తే ఎటు పోయింది?" అని అడిగారు.

"ఆ వెనక నీడలోకండి."

"ఎన్నిసార్లు వెనక్కి తెచ్చారు?"

"ఆరుసార్లండి. ఊరికే తేలేదు, ప్రతిసారీ కొలత చూసి మరీ పెట్టాను." పేర్రాజు కొంచెం గర్వంగానే పటం తెచ్చి చూపించాడు.

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని దాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివారు. "ఓడలకైతే బాగుంటుంది" అన్నారు.

తర్వాత చొక్కా చెయ్యి మడిచారు. దారం కత్తిరించి, దోమతెర తీసి, వేలిగోటితో ఆ ముడుచుకున్న ముద్దని మెల్లగా రాతినుంచి విడదీశారు. చిన్న గాజుగిన్నెలో గులకరాళ్ళు పోసి, దాన్ని వాటి మీద వదిలి, కొట్టుకుపోకుండా గిన్నె మూతికి తెర కట్టి, వెనక నీడలో దించారు. లైటుని జానెడు పైకి ఎత్తించారు. చెయ్యి తుడుచుకుంటూ, "ఒక మండలం" అన్నారు. "రోజూ మంచినీళ్ళు పొయ్యండి. ఆదివారం కాసిని నీళ్ళు తీసి కొత్తవి కలపండి. అంతకుమించి అందులో చెయ్యి పెట్టొద్దు. మీరు రాళ్ళు తోమే బ్రష్షు ఏదీ?"

పేర్రాజు తెచ్చి ఇచ్చాడు. మాస్టారు దాన్ని తన చేతిసంచిలో వేసుకుని ఆటో ఎక్కేశారు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఇంట్లో బ్రష్షు పట్టుకుపోయిన గురువుని ఏమనాలో పేర్రాజుకి తోచలేదు.

ఆ మండలం ఎలా గడిచిందో ఆయనకే తెలియాలి. గిన్నె వెనక ఎక్కడో ఉంది, సరిగా కనిపించదు. కళ్ళముందు ఉన్నది ఎడమనుంచి రెండో రాయి, దాని మీద బోసిగా ఒక చోటు. వారం తిరిగేసరికి అక్కడ పచ్చటి నాచు నూగు పట్టింది. హైమ ఉంటే ఒక్క రోజు ఊరుకునేదా అనిపించింది. ఒకనాడు పాత టూత్‌బ్రష్షు చేతిలోకి తీసుకున్నాడు కూడా. మాస్టారు వద్దన్నారు కదా అని మళ్ళీ పెట్టేశాడు. చెయ్యడానికి ఇంకేమీ లేక, కాఫీ తెచ్చుకుని ఆ చోటుకి ఎదురుగా కూర్చోవడం అలవాటైంది. అలా కూర్చున్నప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చేవి. కాఫీ చల్లారిందని గొణగడం, చెంగుతో గాజు తుడవడం, పట్టుచీర మాట. ఆ రంగు చీర కోసం ఒక్కసారైనా బజారుకి పోయి వెతక్కపోతినే అని ఒక పొద్దున్న ఆయన గట్టిగానే ఏడ్చాడు. పటం గీసిన రోజున కూడా రాని ఏడుపు అది.

నలభై ఒకటో రోజు మాస్టారు వచ్చారు. గిన్నె పైకి తీసి తెర విప్పారు. పగడం ఒక గులకరాయిని గట్టిగా పట్టుకుని, అరచేతిలో సగమంత వెడల్పున విప్పారి ఉంది. నీలం చుక్కలన్నీ మళ్ళీ వచ్చాయి. మాస్టారు దాన్ని నీడలోనే ఒక రాయికి ఆనించి పెట్టి, ముందు రాయి వైపు వేలు చూపించారు.

"అక్కడ చూశారా?"

పేర్రాజు కళ్ళజోడు పెట్టుకుని గాజుకి మొహం ఆనించాడు. నాచు నూగులో కందిపప్పంత ఎరుపు ఒకటి, దాని పక్కనే ఆవగింజంత ఇంకొకటి. రెండింటి మీదా సూదిమొనంత నీలం.

"ఇవెక్కడివి? నేనేమీ పెట్టలేదు మాస్టారూ."

"ఈ జాతి కదిలినా, ఒలిచినా తన అడుగు అంచు కొంచెం రాతికే విడిచిపెట్టి పోతుంది" అన్నారు మాస్టారు. "కంటికి ఆనదు. బంక మరకలా ఉంటుంది. కొన్నాళ్ళు వదిలేస్తే అదే మళ్ళీ నిండుప్రాణి అవుతుంది."

పేర్రాజు అలాగే వంగి ఉండిపోయాడు. ఆరుసార్లు. ఆరుసార్లూ ఆ రాయి ముందు నిలబడి, మరక పోయేదాకా, మెరిసేదాకా తోమినవాడు తానే. ఏదో అనబోయాడు. "అంటే ఇన్నాళ్ళూ నేను..." అని ఆగిపోయాడు.

మాస్టారు ఆయన వీపు మీద చెయ్యి వేశారు.

"శుభ్రంగా ఉంచారు, పేర్రాజు గారూ. అందుకే ఇన్నాళ్ళూ ఖాళీగా ఉండిపోయింది."