మిగిలితే కోడలికి

చింతలమెరకలో బుర్ర ఉన్న ఇల్లు ఏదని ఎవరైనా అడిగితే, బుచ్చన్న కుటుంబమంతా వీధిలోకి వచ్చి తమదేనని చెప్పేది. అడగకపోయినా చెప్పేది. "చెప్పిన మాట చెప్పినట్టు చేసే ఇల్లు మాది," అని బుచ్చన్న మీసం దువ్వేవాడు. భార్య నాంచారమ్మ తలూపేది. తల్లి ఊపిన పిమ్మట కొడుకు పోతురాజు ఊపేవాడు. కోడలు తిరపతమ్మకు మాత్రం తలూపే తీరిక ఉండేది కాదు. చంకన ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఒక పిల్లాడు, ఉయ్యాలలో మరొకటి.

ఆ ఇంట ఒక కట్టుబాటు ఉంది. గడప లోపలికి ఏది వచ్చినా, అది మామిడిపండైనా మజ్జిగ చుక్కైనా, మొదట బుచ్చన్నకు, తరువాత పోతురాజుకు, ఆపైన నాంచారమ్మకు. మిగిలితే కోడలికి. మిగలడం అరుదు.

ఉయ్యాలలోది పుట్టినప్పుడు తిరపతమ్మకు ప్రాణం మీదికి వచ్చింది. "మళ్ళీ కానుపంటే నువ్వు దక్కవమ్మా," అని సలోమి నర్సమ్మ హెచ్చరించింది. ఒక మధ్యాహ్నం ఆవిడే వచ్చి, పిల్లలు పుట్టకుండా వాడే మాత్రల అట్ట చేతిలో పెట్టింది. "రోజుకొకటి. ఒక్కరోజు కూడా తప్పకూడదు."

తిరపతమ్మ దాన్ని కొంగున ముడి వేసుకునేలోగా అత్త చెయ్యి చాచింది. "పెద్దవాళ్ళ నోట పడకుండా నీ నోట పడుతుందటే?"

"అత్తయ్యా, అవి నా కోసం..."

"నీకూ ఇస్తాలే. మిగిలితే."

ఇంకేముంది, భోజనాల వేళ బుచ్చన్న కంచం పక్కన ఒక మాత్ర, పోతురాజుకొకటి, నాంచారమ్మకొకటి. ఒక్కరోజు కూడా తప్పలేదు. అట్ట ఖాళీ అయ్యాక దాని రేకు కోడలికి దక్కింది.

సలోమి మళ్ళీ వచ్చి తల పట్టుకుంది. "అమ్మా, అవి పిల్లల్ని కనేవాళ్ళకి!"

"నేను కనలేదా? వీణ్ణేమైనా సంతలో కొన్నానా?" అంది నాంచారమ్మ.

"అమ్మా, నాకు పొద్దున్నే వికారంగా ఉంటోందే," అన్నాడు పోతురాజు.

నాంచారమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓరి నాయనో, వీడికి నెల తప్పలేదు కదా!"

సలోమి ఈసారి మగవాళ్ళు వాడే నిరోధ్ పొట్లాలు తీసి పోతురాజుకిచ్చింది. పెద్దల ఎదుట అంతకన్నా విడమరచలేక, "ఇవి దగ్గర ఉంచుకుంటే నీ భార్యకు భయం లేదు," అని ఊరుకుంది. మర్యాద నిలిచింది, మిగతాది పోయింది. బుచ్చన్న తలపాగాలో ఒకటి దోపుకున్నాడు. పోతురాజు ఒకదాన్ని తాయెత్తులా దండచేతికి కట్టుకున్నాడు. నాంచారమ్మ ఇంకొకటి రోకలికి కట్టింది. అంతే, తిరపతమ్మ ఆనాటి నుంచి పిల్లలతో వంటింట్లో పడుకుని లోపల గడియ పెట్టుకుంది.

ఆ గడియ సంగతి విని సలోమి చివరి మాట చెప్పింది. "పట్నంలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల శిబిరం పెడుతున్నారు. ఈ ఇంటి మగవాణ్ణి ఒకణ్ణి పంపండి. చాలు."

పోతురాజు లేచాడు. బుచ్చన్న చొక్కా పట్టి కూర్చోబెట్టాడు. "తండ్రిని నేనుండగా నువ్వు ముందా?"

"మామయ్యా! చేయించుకోవలసింది మీ అబ్బాయి!" తిరపతమ్మ ఆ ఇంట మొదటిసారి గొంతెత్తింది.

"వాడికేం తెలుసు? కోతకైనా కుట్టుకైనా ఇంటి పెద్దే ముందు."

ఉతికిన పంచె కట్టి ఆయన బయలుదేరాడు. శిబిరంలో ఆనాడు జనం పలచన. వచ్చినవాణ్ణి ఎందుకొచ్చావని అడిగే అలవాటు అక్కడ లేదు. సాయంత్రానికి ఆయన ఆటోలో పడుకుని తిరిగివచ్చాడు. నాంచారమ్మ హారతి పట్టింది. "ఇక మన ఇంట పిల్లలు పుట్టరు!"

"అయితే వంటింటి గడియ తీస్తావా?" అని పోతురాజు ఆశగా అడిగాడు.

తిరపతమ్మ ముగ్గురినీ చూసింది. ఈ ఇంట్లో తన ప్రాణం కోసం అడిగితే ఏదీ రాదు. పెద్దాయన పేరు చెబితే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

"అత్తయ్యా, మామయ్య కట్టుకి దూది కావాలి. ఆసుపత్రికి వెళ్ళొస్తాను."

"ఇంకా నిలబడ్డావేమే? పరుగెత్తు!"

ఆసుపత్రిలో సలోమి ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళింది. డాక్టరమ్మ గర్భం రాకుండా లోపల లూపు వేసింది. "మీ ఇంట్లోవాళ్ళు ఇదీ లాక్కుంటే?" అంది సలోమి.

"ఇది పంచుకోవడానికి వీలుకాదు నర్సమ్మా," అని తిరపతమ్మ దూది పట్టుకుని ఇంటికి నడిచింది. ఆనాడే గడియ తీసింది.

ఏడాది గడిచింది. ఉయ్యాల అటకెక్కింది. బుచ్చన్న మీసానికి పట్టపగ్గాలు లేవు. "చూశారా, కోత నాకు, ఫలితం కోడలికి!"

ఇది విని, దూది సంగతి ముందే తెలిసిన పక్కింటి కోటయ్య భార్య పెరటి గోడ మీదుగా, "వదినా, నాక్కూడా కాస్త దూది కావాలి, తోడు వస్తావా?" అని తిరపతమ్మను మెల్లగా అడిగింది. కోటయ్య మాత్రం వీధి వైపు నుంచి దిగులుగా వచ్చాడు.

"మా నాన్న పోయాడు కదా బాబాయ్, మా ఇంట ఎవరు చేయించుకుంటారు?"

"నేను బతికి లేనట్రా?"

ఇంకేముంది! బుచ్చన్న మళ్ళీ ఉతికిన పంచె కట్టి, తువ్వాలు భుజాన వేసి శిబిరానికి బయలుదేరాడు. వీధి మలుపు తిరుగుతుండగా నాంచారమ్మ వెనకనుంచి కేకేసింది:

"ఏమయ్యోయ్! ఎలాగూ వెళ్తున్నావు, మా పుట్టింటివాళ్ళ పేరు మీద కూడా ఒకటి చేయించుకుని రా!"