ఇద్దరమ్మల తొట్టె

గుండ్లకమ్మ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధించే ఆచార్య దాక్షాయణికి చదువూ ఎక్కువే, మంచితనమూ ఎక్కువే, కానీ పక్కవాళ్ళకు పేరొస్తే మాత్రం ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆ విశ్వవిద్యాలయానికి చాలా పేరుండేది. అక్కడ చదివిన ఒకాయనకు గణితంలో, అక్కడే పాఠాలు చెప్పిన ఒకావిడకు వరి పరిశోధనలో అంతర్జాతీయ బహుమతులు వచ్చాయి. వాళ్ళ ఫోటోలు ముందు హాల్లో పెద్దవి చేయించి పెట్టారు. దాక్షాయణి, ఆమె స్నేహితురాలు మెహరున్నీసా విద్యార్థినులుగా ఉన్నప్పుడు ఆ ఫోటోల కిందే కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్ళు. తర్వాత ఇద్దరూ అక్కడే ఉద్యోగాల్లో చేరారు.

ఆ చుట్టుపక్కల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్ళు గారపట్టేవి. పెద్దవాళ్ళ మోకాళ్ళు బిగుసుకుపోయేవి. స్నేహితురాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి కష్టపడి దానికో ఉపాయం కనిపెట్టారు. ఎర్రమట్టిలో కొన్ని లవణాలు కలిపి, గుళికలు చేసి, బట్టీలో కాల్చి తొట్టెలో నింపుతారు. వాటి గుండా వడకట్టుకుని వచ్చిన నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. మట్టి కలపడం, కాల్పించడం దాక్షాయణి చూసుకునేది. తొట్టె కట్టించడం, నీళ్ళు పరీక్షించడం మెహరున్నీసా పని. మొదటి తొట్టెను ఎర్రవాగుపాడు అనే ఊళ్ళో పెట్టారు.

కొన్నాళ్ళకు ఆ పనికి అంతర్జాతీయ బహుమతి వచ్చింది. కానీ ఒక్కరికే ఇవ్వాలన్నది బహుమతి ఇచ్చేవాళ్ళ నియమం. మెహరున్నీసాకు ఇచ్చారు.

"ఇద్దరి పేర్లూ వేయమని ఎంతో చెప్పి చూశానే, వినలేదు" అంటూ ఆమె పాలకోవా పట్టుకుని వచ్చింది.

"నాకు తీపి పడటం లేదు" అని దాక్షాయణి తలుపు వేసేసింది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. హాల్లో మూడో ఫోటో వెలిసింది. అది కంటపడకుండా దాక్షాయణి వెనక గేటు నుంచి రావడం మొదలుపెట్టింది. గుళికలు కాల్చే బట్టీని వేరే చోటికి మారుస్తున్నామని కబురొస్తే, "బహుమతి తీసుకున్నావిడ ఉందిగా" అని ఊరుకుంది.

కొన్ని నెలలకు, పాత గుళికలు తీసి కొత్తవి నింపాక, ఎర్రవాగుపాడు తొట్టె నీళ్ళలో ఫ్లోరైడ్ మళ్ళీ కనిపించింది. మెహరున్నీసా తొట్టె విప్పించి, మళ్ళీ కట్టించి చూసింది. ఫలితం లేకపోయింది. పత్రికలవాళ్ళు దాక్షాయణి దగ్గరికి వచ్చారు.

"మేడమ్, ఆ బహుమతి తొందరపడి ఇచ్చారంటారా?"

"నన్నెందుకు అడుగుతారు? తీసుకున్నావిడనే అడగండి" అని దాక్షాయణి నవ్వింది.

మర్నాడు ఆ మాటే పెద్దక్షరాల్లో అచ్చయింది. ఊరివాళ్ళు తొట్టెకు తాళం వేశారు.

అది విని దాక్షాయణి ఎర్రవాగుపాడు బయల్దేరింది. సాయం చేద్దామని కాదు. నిజం చెప్పాలంటే, ఆ ఓటమిని కళ్ళారా చూడాలని.

తొట్టె దగ్గర కోటమ్మ అనే పెద్దావిడ కర్ర ఊతంతో ఎదురొచ్చింది. "వచ్చావా తల్లీ! మెహరమ్మ రాలేదా?"

"ఆవిడతో నాకేం పని?"

"అదేం మాట! మీరిద్దరేగా కట్టింది. మేం దీన్ని ఇద్దరమ్మల తొట్టె అంటాం. మా ఇంట్లో మనవరాలు పుట్టింది. నాలాగా కర్ర పట్టుకోకూడదని మా ఆశంతా దీని మీదే పెట్టుకున్నాం. దీనికేమైంది తల్లీ?"

దాక్షాయణి తొట్టె వైపు నడిచింది. తాళం తీయించి ఒక గుళిక చేతిలోకి తీసుకుంది. వేళ్ళతో నొక్కగానే అది పొడైపోయింది. సరిగా కాలలేదు. కొత్త బట్టీలో వేడి చాలలేదు. తను ఒక్కసారి వెళ్ళి చూసి ఉంటే అక్కడికక్కడే పట్టుకునేది.

ఈ సంగతి తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నింద మెహరున్నీసా మీదే ఉండిపోతుంది. దాక్షాయణి తలెత్తి చూసింది. ఆడవాళ్ళు బిందెలతో పాత బోరు వైపు వెళ్తున్నారు. ఆమె ఆ గుళిక పొడిని కొంగున ముడేసుకుని తిన్నగా మెహరున్నీసా ఇంటికి వెళ్ళింది.

"ఏమే, ఇంత ఎండలో వచ్చావు? లోపలికి రా" అంది మెహరున్నీసా.

"తప్పు నీ తొట్టెది కాదే, నా మట్టిది. అలిగి బట్టీ వైపే వెళ్ళలేదు. పైగా నిన్ను పేపర్లో నవ్వులపాలు చేశాను. నన్ను తిట్టు."

"తిడతాను, వదుల్తానా! ముందు ఆ మట్టి సంగతి చూడు. తొట్టె విప్పీ కట్టీ నా చేతులు పుళ్ళు పడ్డాయి."

దాక్షాయణి ఆ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

మర్నాడు తనే పత్రికలవాళ్ళను పిలిచింది. "కాల్పించే బాధ్యత నాది. అసూయతో దాన్ని వదిలేశాను. ఆవిడ పనిలో ఏ లోపమూ లేదు" అని చెప్పింది. కొందరు సహోద్యోగులు మొహం చాటేశారు. ఆ ఏడాది ఆమెకు రావలసిన శాఖాధ్యక్ష పదవి ఇంకొకరికి వెళ్ళిపోయింది. అయినా ఆమె బట్టీ దగ్గరే ఉండి కొత్త గుళికలు కాల్పించింది. తొట్టె నీళ్ళు మళ్ళీ పరీక్షలో నెగ్గాయి.

ఊరివాళ్ళు తొట్టె తెరిచిన రోజు కోటమ్మ గ్లాసుతో నీళ్ళు పట్టి ఇద్దరి ముందూ పెట్టింది.

"ముందు నువ్వు తాగు" అంది దాక్షాయణి.

"కాదు, నువ్వే" అంది మెహరున్నీసా.

"నీళ్ళకు కూడా తగువేనా తల్లీ!" అంటూ కోటమ్మే ఆ గ్లాసు గటగటా తాగేసింది. ఊరంతా పకపకా నవ్వింది.

నీతి: కలిసి చేసిన పనికి పేరు ఒకరికే దక్కవచ్చు, అందుకు అసూయపడి మన వంతు పని మానేస్తే, నష్టపోయేది మనల్ని నమ్ముకున్నవాళ్ళే.