తలో వైపు చూసిన పూలు

అనగనగా కాఫీ తోటల కొండ మీద ఓ ఊరు. ఆ ఊళ్ళో ఆర్కిడ్ల క్లబ్బు అని ఒకటి ఉండేదిరా బుజ్జీ. ఆర్కిడ్ అంటే మట్టి అక్కర్లేని మొక్క. కుండీలో నాలుగు బొగ్గుముక్కలు వేస్తే చాలు, గాలిలోకి వేళ్ళు వేలాడేసుకుని బతికేస్తుంది. ఆదివారం వచ్చిందంటే క్లబ్బువాళ్ళంతా చేరి వాటికి ఫొటోలు తీసేవాళ్ళు. పెళ్ళికూతురికైనా అన్ని ఫొటోలు తీయరు!

ఆ క్లబ్బులో వకుళమ్మ కొత్తగా చేరింది. ఎందుకనుకున్నావు? వాళ్ళ చెల్లెలు మాణిక్యం దేవుడి దగ్గరికి వెళ్ళిపోతూ తన ఆర్కిడ్ కుండీ ఈవిడ చేతిలో పెట్టింది. ఆ దిగులుతో బొబ్బిలిలో ఉన్న వాళ్ళక్క మాటే మానేసింది. ఫోను చేస్తే ఊఁ అనదు, ఆఁ అనదు. ఒక్కసారి మాత్రం, "దాని మొక్క పూస్తే ఫొటో పంపవే" అంది. ఆ ఫొటో చూశాకైనా అక్క నోరు విప్పుతుందని వకుళమ్మ ఆశ.

అప్పుడు మొక్క కాడ వేసింది. కాడకి మూడు మొగ్గలు. వకుళమ్మ ఫోను పట్టుకుని పరిగెత్తింది. ఇల్లలకగానే పండగవుతుందా?

"మూడూ విచ్చాకే ఫొటో అమ్మా. ఈలోగా వెలుగు చూసుకోవాలి, పక్కనుంచి పడాలి" అని క్లబ్బు నుంచి చూడ్డానికొచ్చిన లెక్కల మాస్టారు పట్టాభిగారు కుండీని కిటికీ వైపు తిప్పారు. ఆ వారం మొదటి పువ్వు విచ్చింది.

ఆ తర్వాత టైలరు ఖాదరు వచ్చాడు. "వెనకాల నల్లగుడ్డ ఉంటే పువ్వు తేలుతుందక్కా" అని గోడకి గుడ్డ కట్టి, కుండీని గుమ్మం వైపు తిప్పాడు. రెండో పువ్వు విచ్చింది.

ఆ తర్వాత నర్సమ్మ ఎస్తేరు వచ్చింది. "పైనుంచి తీస్తే నెత్తి పడుతుంది పిన్నిగారూ. కింద కూర్చుని దాని కళ్ళల్లోకి చూడాలి" అని కుండీని పెరటి వసారాలో పీటమీద పెట్టి, మళ్ళీ తిప్పింది. చిట్టచివర చిన్న మొగ్గ కూడా విచ్చింది.

వకుళమ్మ చూసుకుంటే ఏముంది! ఒక పువ్వు అటు, ఒక పువ్వు ఇటు, చిన్నది ఎదురుగా. ఎటునుంచి తీసినా ఒకదాని మొహం, ఇంకోదాని వీపు. కుండీ చుట్టూ తిరిగి తిరిగి పాపం ఆవిడకే కళ్ళు తిరిగాయి.

"మొగ్గ వేశాక కుండీ కదపకూడదు, వెలుగు ఎటుంటే అటే విచ్చుకుంటాయి. క్లబ్బులో మొదటిరోజు చెప్పే మాటే కదా ఇది! ఎవరు తిప్పారు?" అని గద్దించారు మాస్టారు. ఖాదరు ఎస్తేరుని చూశాడు. ఎస్తేరు మాస్టారిని చూసింది. ఫొటోల పిచ్చిలో ముగ్గురూ ఆ మాట మర్చిపోయారన్నమాట.

మొదట విచ్చిన పువ్వేమో వాడిపోయేలా ఉంది. ఏం చేయాలో తోచక వకుళమ్మ చతికిలబడి, వచ్చినట్టు ఒక్క ఫొటో తీసి, పంపేసి, ఏడుస్తూ కూర్చుంది.

అప్పుడు ఫోను మోగింది. అక్క!

"వకుళా, చిన్నప్పుడు స్టూడియోలో మన ముగ్గురికీ ఫొటో తీయించారు, గుర్తుందా? కిటికీ దగ్గర నాన్న చప్పట్లు కొడితే నేనటు చూశా. గుమ్మంలో అమ్మ పిలిస్తే నువ్వటు చూశావు. చిన్నదొక్కతే కెమెరాలోకి చూసింది. ఇదిగో, ఇప్పుడూ నన్నే చూస్తోందే!"

అక్క నవ్వుతోందో ఏడుస్తోందో వకుళమ్మకి తెలియలేదు. తనేం చేస్తోందో తనకీ తెలియలేదు. మాటలు మాత్రం ఆ రోజు పొయ్యి వెలిగించే వేళ దాటినా ఆగలేదు.

కథ కంచికి పోయింది,
కెమెరా పెట్టెలోకి పోయింది,
ఎటు తిరిగి పడుకుంటే ఏముంది,
నిద్ర నీ వైపే చూస్తోంది.