కారుకు దాహమేసింది

దొరగారు సొంతంగా నడుపుకొస్తున్న కొత్త కారు ఘాటీ ఎక్కి, మళ్ళీ ఆ బావి దగ్గరే ఆగిపోయింది. పొగమంచులో దాని మూతి నుంచి ఆవిరి లేస్తోంది. లోపల ఎవరో ఆడమనిషి మూలుగుతున్నట్టు సన్నని చప్పుడు.

దొరగారికి ఒళ్ళు జలదరించింది. తన బావిలో నీళ్ళు తోడిందని ఆయన కొట్టిస్తే, పోలమ్మ అందులోనే దూకి చచ్చిపోయింది. ఆనాడే బావికి తాళం పడింది. ఊరు వాగునీళ్ళ పాలైంది.

కడవతో అటుగా వస్తున్న సన్యాసమ్మను ఆపి, "ఆ మూలుగు పోలమ్మదేనంటావా?" అన్నారు.

ఎసరు ఇంకిపోయిన కుండ ఎలా మూలుగుతుందో సన్యాసమ్మకు తెలుసు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

"దాహం బాబూ! ఈ బావి నీళ్ళే అడుగుతోంది."

దొరగారు గబగబా తాళం తీశారు. ఇంజను చల్లారాక సన్యాసమ్మ నీళ్ళు పోసింది. మూలుగు ఆగింది, కారు కదిలింది. దాంతో దొరగారికి ధైర్యమొచ్చింది.

"బావికి మళ్ళీ తాళం వేసెయ్."

"అలాగే బాబూ. రేపు తమరు తిరిగొచ్చేది ఈ దారినే గదా?"

దొరగారు తాళంచెవి ఆమె చేతిలో పడేసి వెళ్ళిపోయారు.

సన్యాసమ్మ నవ్వుకుంటూ బావిలోకి చేద వదిలింది. అడుగు నుంచి సన్నగా అదే మూలుగు వినిపించింది.

"ఇక నిద్దరపోవే పోలమ్మా," అందామె. "అందరం తాగుతాంలే."