అమ్మే ఇంటికి కొత్త గుమ్మం

అనగనగా కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో పేరిందేవి అనే ఆవిడ ఇల్లు అమ్మబోయి, ఇల్లు అమ్ముడుపోకముందే గేదెనీ గాజుల జతనీ పోగొట్టుకుంది. జరిగింది అదీ. ఎలా పోగొట్టుకుందో చెబుతాను, కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

పేరిందేవికి నూనె గానుగ కొనాలని కోరిక. పొరుగూరి గానుగాయన ఓపిక తగ్గి అమ్మేస్తానన్నాడు. "నువ్వుల కోతల దాకా ఆగుతాను పేరిందమ్మా. ఆపైన ముందెవరొస్తే వాళ్ళదే" అన్నాడు. ఇల్లమ్మితే గానుగ, ఉండటానికి దాని పక్కనున్న చావిడి రెండూ వస్తాయి. అందుకని ఇళ్ళ బేరాలు కుదిర్చే గవర్రాజుని పిలిచింది.

గవర్రాజు ఇల్లంతా తిరిగి చూశాడు. "నాకు మీరేమీ ఇవ్వొద్దు పిన్నిగారూ" అన్నాడు. డబ్బు వద్దనేవాణ్ణి పేరిందేవి ఎప్పుడూ నమ్మలేదు. ఆ రోజు నుంచి అతని మీద ఒక కన్నేసి ఉంచింది.

"పిల్లని చూపించేటప్పుడు తల దువ్వమా? గోడలకి సున్నం కొట్టించండి" అన్నాడు గవర్రాజు. సున్నం వేసేవాణ్ణి తనే తెచ్చాడు. పేరిందేవి తొట్టి పక్కనే పీట వేసుకు కూచుంది. నీళ్ళు ఎక్కువ కలపనివ్వలేదు. గోడలు తెల్లబడ్డాయి. పోపులడబ్బా అడుగున దాచుకున్నది ఖాళీ అయింది.

ఆ తర్వాత గవర్రాజు మళ్ళీ వచ్చాడు. "గోడలు తెల్లబడేసరికి పైన పెంకులు మరీ నల్లగా కనబడుతున్నాయండీ" అన్నాడు. పెంకులవాణ్ణీ తనే తెచ్చాడు. వాడు గవర్రాజుని "మావయ్యా" అని పిలిచాడు. పేరిందేవి చెవి నిక్కించింది. ఒక్కొక్క పెంకూ గోటితో తట్టి చూసి, పగిలినవి పదకొండు వెనక్కి పంపింది.

"ఈవిడ యముణ్ణి కూడా చిట్టా చూపించమంటుంది" అన్నాడు పెంకులవాడు.

"చూపించకపోతే వెళ్ళను" అంది పేరిందేవి.

ఆ పెంకులకి గేదె వెళ్ళిపోయింది.

అప్పుడు గవర్రాజు మూడోసారి వచ్చాడు, ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకుని. సిద్ధాంతి ఆవిడ పేరు అడిగాడు, వేళ్ళు మడిచాడు. "పేరిందేవి. కన్యారాశి. ఈ తూర్పు గుమ్మం మీకు పడదమ్మా. దక్షిణానికి మార్చండి, లేకపోతే ఇంటి బేరం కదలదు."

"తూర్పు అందరికీ మంచిదంటారే?"

"అందరికీ మంచిదే. మీ పేరుకే కాదు."

పేరిందేవి పంచాంగం తెప్పించి రెండోసారి లెక్క కట్టించింది. అదే వచ్చింది. కోతలకి నెల కూడా లేదు. బంగారు గాజుల జత అమ్మి గోడ పగలగొట్టించింది, గుమ్మం ఊడదీయించి దక్షిణాన నిలబెట్టించింది. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. పాత చోట ఇటుకలు పేర్పించింది.

చూశావా, ఆవిడ అందరినీ అనుమానించింది. సున్నంలో నీళ్ళు చూసింది, పెంకులు తట్టింది, సిద్ధాంతి లెక్కని మళ్ళీ కట్టించింది. ఇవన్నీ అసలెవరికోసం అని మాత్రం అడగలేదు.

ఆ తర్వాత కొనేవాడు వచ్చాడు. పేరు ముత్యాలునాయుడు. తన సిద్ధాంతిని తనే తెచ్చుకున్నాడు. ఆయనా వేళ్ళు మడిచాడు. "ముత్యాలు. సింహరాశి. నీకు తూర్పు గుమ్మం ఉండాలి. దక్షిణం పనికిరాదు" అన్నాడు. నాయుడు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

పేరిందేవి గవర్రాజు వంక చూసింది. "ఇంట్లో ఉండబోయేది అతను. వెళ్ళిపోయేది నేను. నా పేరుకి గుమ్మం ఎందుకు పెట్టించావయ్యా?"

గవర్రాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "దానికేముంది పిన్నిగారూ, మళ్ళీ తూర్పుకి మార్పిద్దాం. వడ్రంగి మా బావమరిదే."

"మీ చుట్టాలందరికీ నా ఇంట్లో పని అయింది. ఇంకా ఎవరైనా మిగిలితే వాళ్ళకి వేరే ఇల్లు చూపించు" అంది పేరిందేవి.

ఆ పూటే నిర్ణయించుకుంది, ఈ ఇంటికి ఇంకొక్క పైసా పెట్టనని. బొగ్గుముక్కతో ఆ తెల్లటి గోడ మీదే రాసింది. "ఈ ఇల్లు అమ్ముతాను. గుమ్మం దక్షిణం. పెరటి గోడకి చెమ్మ. చూసి కొనుక్కోండి."

మూడు రోజులకి కంచుగిన్నెలు చేసే నాగలింగం వచ్చాడు. "చెమ్మ ఎక్కడ?" అన్నాడు. చూపించింది. "ఇంకా?" అన్నాడు. దూలానికి పట్టిన చెద చూపించింది.

"అన్నీ నువ్వే చెప్పేస్తే నేను దేనికి వంక పెట్టనక్కా?"

"వాస్తు చూపించవా?"

"నా కొలిమికి గాలి ఎటొస్తే అటే గుమ్మం" అన్నాడు.

అయినా బేరమాడాడు. చెమ్మకి కొంత, చెదకి కొంత తగ్గించాడు. మిగిలినది గానుగకి సరిపోయింది, చావిడికి చాలలేదు. తాటాకుల పాక వేసుకుంటాలే అనుకుంది పేరిందేవి.

డబ్బిచ్చి నాగలింగం పెరటి వైపు చూశాడు. "ఆ తలుపు బందు ఊడింది. ఒక్క మేకు కొట్టించి ఇయ్యక్కా, పోనీ."

చిన్న మేకే. పేరిందేవి తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "తలుపు నీది, మేకు నీది, సుత్తి కూడా నువ్వే తెచ్చుకో" అని, కోతలకి ఇంకా రెండు రోజులుందనగా గానుగ వైపు నడిచింది. మేకు మాత్రం కొట్టించలేదు.

కథ వెళ్ళి కంచి చేరింది,
కునుకు వచ్చి నీ కంట చేరింది.