వార్డెను గారి పొట్ట

సూరాచారి గారు మట్టిబొమ్మలు చేసేవారు. ఎవరేం అడిగినా ముందు చేతులు కడుక్కుని, ఆ తరవాతే జవాబు చెప్పడం ఆయన అలవాటు. ఒకనాడు శిష్యుడు భానోజీ అడిగాడు: "గురువుగారూ, అన్యాయమైపోయినవాళ్లకి బొమ్మలు చేసుకుంటే ఏం ఒరుగుతుంది? న్యాయం జరుగుతుందా?"

ఆయన చేతులు కడుక్కుని ఇలా చెప్పారు.

అసిరమ్మ అని ఒకామె పిల్లల హాస్టల్లో వంట చేసేది. ఓసారి కందిపప్పు బస్తా మాయమైంది. వార్డెను గున్నేశ్వరరావు ఆ నేరం ఆమె మీద వేసి, పిల్లలందరి ముందూ నిలబెట్టి తిట్టి, పనిలోంచి తీసేశాడు. బస్తా అతని బావమరిది కొట్లో తేలిందని తరవాత ఊరంతా అనుకున్నారు. అనుకుని ఊరుకున్నారు. అసిరమ్మ మాత్రం మరి తలెత్తలేదు. ఎవరితో మాట్లాడినా వాళ్ల పాదాలతోనే మాట్లాడేది.

ఏడాది తరవాత మట్టి తొక్కే పనికి నా దగ్గరకి వచ్చింది. ఓ మధ్యాహ్నం మిగిలిన మట్టితో ఏదో చేస్తోంది. చూస్తే కోరలు, కొమ్ములు, వేలాడే నాలుక.

"ఎవరమ్మా ఇది?"

"వార్డెను బాబు."

"ఆయనకి కొమ్ములున్నాయా?"

"లేవు. పొట్ట ఉంది," అంది.

"అయితే అదే చెయ్యి."

కొమ్ములు పీకేసి పొట్ట పెట్టింది. ఆ పొట్ట మీద ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న చొక్కా గుండీ పెడుతూ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి తనే ఉలిక్కిపడి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మళ్లీ గుండీ చూసి నవ్వింది.

ఆ బొమ్మని సంతలో అమ్మకానికి పెడితే, పేరు చెప్పకుండానే అది ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. మూడో వారం వార్డెనే ఊగిపోతూ వచ్చాడు. "ఏమే, ఇది నేనా?"

అసిరమ్మ అతని పాదాలకేసి చూసింది. ఈలోగా అతను బొమ్మని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి, "నాకింత పొట్ట ఉందా?" అన్నాడు.

"సరిగా చూడకుండా ఎలా చెప్పను బాబూ? కూచోండి," అంది అసిరమ్మ, కొత్త మట్టిముద్ద అందుకుంటూ.

కూచున్నాడు. నడి సంతలో, పొట్ట లోపలికి పీల్చి, గంటసేపు. ఆమె అతని మొహంలోకి చూస్తూ, "అటు తిరగండి. కదలకండి. ఊపిరి వదలండి బాబూ, ఉన్నదే చేస్తాను," అంటూనే ఉంది.

భానోజీ పగలబడి నవ్వాడు. నవ్వాగాక అడిగాడు: "మరి ఆమెకి పని తిరిగి ఇచ్చారా?"

"లేదు."

"పోనీ, రెండో బొమ్మకి పొట్టయినా తగ్గించిందా?"

"పొట్ట అలాగే ఉంచింది," అన్నారు సూరాచారి గారు. "కళ్లు మార్చింది. మొదటి బొమ్మ చేసేనాటికి ఆమె అవి చూసి ఉండలేదు."